“కనిపించడం లేదు” అని మాత్రం రాయకండి

మీ వీధిలో రాత్రిళ్లు బైకుల్లోంచి పెట్రోలు తీసేస్తున్నారని, ముగ్గురు కుర్రాళ్లు తాళం వేసిన ఇళ్ల దగ్గర తచ్చాడుతున్నారని, స్టేషన్‌కి వెళ్తే మనకే తలనొప్పని అందరూ భయపెడుతున్నారని రాశారు. మాది గుంటూరు బ్రాడీపేట. ఆ తలనొప్పి నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

మాకూ మొదట పోయింది పెట్రోలే. తెల్లారుజామున పాల ప్యాకెట్ కోసం దిగితే సెల్లారంతా గుప్పున వాసన. నా బండి పెట్రోలు పైపు ఊడి వేలాడుతోంది, పక్కనే మూత లేని కూల్‌డ్రింక్ సీసా. వంద రూపాయల పెట్రోలుకి కంప్లైంటేమిటని ఊరుకున్నాం. మూడు వారాలకి బండే పోయింది.

స్టేషన్‌లో ఒకాయన తెల్లకాగితం చేతిలో పెట్టి, “బండి కనిపించడం లేదు అని రాయండి, వెతుకుదాం” అన్నారు. టెన్షన్‌లో అలాగే రాసి వచ్చేశాను. ఇన్సూరెన్స్ వాళ్లు ఎఫ్‌ఐఆర్ అడిగాక గానీ తెలియలేదు, అసలు కేసే కట్టలేదని. కనిపించడం లేదంటే ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు, దొంగిలించారంటేనే నేరం.

రెండోసారి మా కింది పోర్షన్ బాబాయిగారు పక్కన కూర్చుని రాయించారు. “నీ అనుమానాలు తర్వాత, చూసింది రాయి” అన్నారు. రాత్రి పదిన్నరకు హ్యాండిల్ లాక్ వేశాను, పొద్దున ఐదూ పదికి బండి లేదు, విరిగిన లాక్ ముక్క అక్కడే ఉంది, బండి నంబరు ఇది. అంతే, పదకొండు లైన్లు. సాయంత్రానికి ఎఫ్‌ఐఆర్ అయింది. కానీ మొదటి కాగితానికీ దీనికీ మధ్య పోయిన పది రోజుల్లో ఎదురుగా టిఫిన్ సెంటర్ కెమెరాలో పాత రికార్డింగ్ చెరిగిపోయింది. నాకు ఇప్పటికీ మండేది దానికే. ఇన్సూరెన్స్ డబ్బులొచ్చాయి, బండి రాలేదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసుకి ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, “మా పరిధి కాదు” అని తిప్పి పంపకూడదు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. కేసు కట్టకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. విజయవాడలో అయితే కమిషనర్‌కి.

ఆ కుర్రాళ్లు మళ్లీ కనిపిస్తే వెంటపడకండి, 112కి ఫోన్ చేయండి. ముందు ఎక్కడ ఉన్నారో చెప్పాలి, తర్వాతే ఏం జరుగుతోందో. మా పేటలో “4వ లైను, 14వ అడ్డరోడ్డు” అంటే సరిపోతుంది, మీ దగ్గర గుడో, బడో గుర్తు చెప్పండి. నేను చేసిన రోజు పెట్రోలింగ్ బండి వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు గానీ, తర్వాత రాత్రిళ్లు మా సందులోకీ తిరగడం మొదలుపెట్టింది.

వాళ్ల ఫోటో వాట్సాప్ గ్రూపులో పెడదామనుకుంటున్నానన్నారు. వద్దండీ. 2018 వేసవిలో పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా తిరుగుతోందంటూ పుకార్లు పుట్టి, ఏ పాపం తెలియనివాళ్లు దెబ్బలు తిన్నారు. మా గ్రూపులో తిరిగిన “దొంగ” ఫోటో తీరా చూస్తే పక్క వీధి హాస్టల్ కుర్రాడిది. వాళ్ల నాన్న వచ్చి నిలదీస్తే ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఫోటో నేరుగా పోలీసులకే ఇవ్వండి.

ఇంకోటి, మీ సందు చివర లైటు వెలుగుతోందా? మాది ఆరు నెలలుగా వెలగడం లేదని బండి పోయాకే గమనించాం. స్తంభం నంబరు రాసి వార్డు సచివాలయంలో ఇస్తే నాలుగో రోజు వేశారు. తర్వాత పెట్రోలు పోలేదు. మా వాచ్‌మన్ మాత్రం అది లైటు వల్ల కాదు, తన వల్లేనంటాడు.