మోటార్ ఆగేటప్పుడే లెక్క తప్పుతోంది

సందేహం: చిన్న బ్రష్డ్ డీసీ గేర్ మోటార్‌తో ఒక వాల్వ్‌ను తెరిచి మూస్తున్నాను. ఎన్‌కోడర్ (షాఫ్ట్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) పెట్టడానికి చోటు లేక, మోటార్ తిరిగేటప్పుడు దాని కరెంట్‌లో వచ్చే చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు, అంటే రిపుల్స్ లెక్కపెట్టి పొజిషన్ పట్టుకుంటున్నాను. ఆపకుండా తిప్పితే లెక్క సరిగ్గానే ఉంటుంది. పదేపదే తెరిచి మూస్తే మాత్రం పొజిషన్ ఒకవైపుకే జరిగిపోతోంది, మోటార్ వేడెక్కాక మరీ ఎక్కువ. ఫిల్టర్ ఎన్ని రకాలుగా మార్చినా అంతే.

ముందు ఆ ఫిల్టర్ జోలికి వెళ్లకండి. ఆగకుండా తిరిగినప్పుడు లెక్క కుదురుతోందంటే దాని పని అది చేస్తున్నట్టే. మీ లెక్క పోతున్నది మోటార్ ఆగే కొద్ది క్షణాల్లో. డ్రైవర్‌ని ఆఫ్ చేసినంత మాత్రాన రోటార్ అక్కడికక్కడే నిలబడిపోదు, ఇంకొంత తిరుగుతుంది. ఆ సమయంలో మోటార్‌ని నడిపే బ్రిడ్జ్‌లోని నాలుగు ఫెట్‌లూ (స్విచ్‌లుగా పనిచేసే ట్రాన్సిస్టర్లు) ఆపేసి కోస్ట్‌లో, అంటే దానంతట అదే తిరిగి ఆగేలా వదిలేస్తే వైండింగ్‌లో కరెంట్ పడిపోతుంది, కరెంటే లేనప్పుడు రిపుల్ ఎక్కడిది, షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది కానీ కౌంటర్ మాత్రం కదలదు. తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ లోడ్ ఒకేలా ఉండదు కాబట్టి రెండువైపులా జారే దూరం కూడా వేరువేరుగా ఉంటుంది. ఆ తేడాయే ప్రతిసారీ పోగవుతోంది.

కాబట్టి కోస్ట్ బదులు బ్రేక్ వాడండి, అంటే కింది రెండు ఫెట్‌లూ ఆన్. అప్పుడు బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటార్ తనలో తానే పుట్టించే వోల్టేజ్) వల్ల కరెంట్ పారుతూనే ఉంటుంది, రిపుల్స్ కూడా వస్తూనే ఉంటాయి. అయితే చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. మీ షంట్ రెసిస్టర్ (కరెంట్ కొలిచే చిన్న రెసిస్టర్) బ్రిడ్జ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఉందా? ఉంటే బ్రేక్ కరెంట్ దానికి అసలు కనపడదు, కింది రెండు ఫెట్‌లూ మోటారూ కలిసిన లూప్‌లోనే తిరిగి అయిపోతుంది. ఆసిలోస్కోప్ ఒక ప్రోబ్ షంట్ దగ్గర, ఇంకోటి మోటార్ వైర్‌కి తగిలించిన కరెంట్ క్లాంప్‌గా పెట్టి చూడండి. బ్రేక్ వేయగానే షంట్ గీత చప్పగా అయిపోతుంది, క్లాంప్ గీత మాత్రం సున్నా కిందికి దూకి, అక్కడ పళ్లు పళ్లుగా వణుకుతూ మెల్లగా పైకి వస్తుంది. మీరు పోగొట్టుకుంటున్న రిపుల్స్ ఆ పళ్లే! షంట్‌ని మోటార్ వైర్‌తో సిరీస్‌లోకి మార్చండి, కరెంట్ రెండువైపులా పారుతుంది కాబట్టి కరెంట్ సున్నా ఉన్నప్పుడు యాంప్లిఫైయర్ అవుట్‌పుట్‌ని సప్లయ్‌లో సగం దగ్గర నిలబెట్టండి.

ఇంత చేసినా వేగం బాగా పడిపోయాక చివరి ఒకటి రెండు రిపుల్స్ దొరక్కపోవచ్చు. అందుకే వాల్వ్ పూర్తిగా మూసుకున్న ప్రతిసారీ కరెంట్ లిమిట్ తగ్గించి, స్టాపర్‌కి మెల్లగా ఆనించి, కౌంట్‌ని సున్నా చేయండి.

ఇక వేడి సంగతి. మీ కోడ్ తప్పిపోయిన రిపుల్స్‌ని పూడ్చడానికి, వోల్టేజ్ లోంచి కరెంట్, రెసిస్టెన్స్‌ల గుణకారం తీసేసి వేగాన్ని అంచనా వేసే రకమైతే, తంటా ఆ రెసిస్టెన్స్ దగ్గరే. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది, 50 డిగ్రీలు వేడెక్కితే 20 శాతం. పాత విలువే వాడుతుంటే కోడ్ వేగాన్ని ఎక్కువ అనుకుని, రాని రిపుల్స్‌ని కూడా కలిపేస్తుంది. ఎలాగూ స్టాపర్‌కి ఆనిస్తారు కదా, మోటార్ కదలని ఆ క్షణంలోనే దాని టెర్మినల్స్ దగ్గరి వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగించి రెసిస్టెన్స్ కొత్తగా రాసుకోండి.

సందేహం: 3 సెగ్మెంట్ల కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి ముక్కల రింగ్) ఉన్న మోటార్. లోడ్ ఉంటే చుట్టుకి 6 రిపుల్స్ వస్తున్నాయి, లోడ్ లేకపోతే 3. ఏది నిజం?

6. బ్రష్‌లు 2, సెగ్మెంట్లు 3, వాటి క.సా.గు. 6. అంటే 6000 ఆర్పీఎం దగ్గర 600 హెర్ట్జ్. సెగ్మెంట్లు బేసి సంఖ్యలో ఉన్న మోటార్లలో రెండు బ్రష్‌లూ వంతులవారీగా సెగ్మెంట్ మారుతుంటాయి, వాటి మధ్య కొద్ది తేడా ఉన్నా ఒక రిపుల్ పెద్దగా, తర్వాతిది చిన్నగా వస్తుంది. లోడ్ తగ్గి మొత్తం కరెంటే చిన్నదైతే ఆ చిన్నవి మీ త్రెషోల్డ్‌ని (రిపుల్‌గా లెక్కించే కనీస ఎత్తు) అందుకోలేవు. స్థిరమైన త్రెషోల్డ్ తీసేసి, సగటు కరెంట్‌తో పాటు పెరిగీ తగ్గే త్రెషోల్డ్ పెట్టండి, కొంచెం హిస్టెరిసిస్ (పైకి దాటడానికీ కిందికి దిగడానికీ వేరువేరు హద్దులు) ఉంచండి. త్రెషోల్డ్‌ని మరీ తగ్గించేస్తే మాత్రం అరిగిన బ్రష్‌ల స్పార్క్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.