బిడ్‌కు జవాబు రాకపోతే రేటు తగ్గించాలా?

ఫ్రీలాన్స్ సైట్లలో ఎక్సెల్, డేటా పనులకు నలభై బిడ్లు (ఈ పని ఇంత రేటుకు చేస్తానని పంపే ప్రతిపాదనలు) వేసినా ఒక్క క్లయింటూ పలకలేదు, రేటు ఇంకా తగ్గించమంటారా అని అడిగారు. తగ్గించకండి. లోపం రేటులో లేదు, మొదటి రెండు లైన్లలో ఉంది. క్లయింటుకు బిడ్లు జాబితాగా వస్తాయి. ఏదీ తెరవకముందు ఆయన కంటపడేది పేరు, రేటు, ఆ రెండు లైన్లే. అక్కడ "మీ ప్రకటన పూర్తిగా చదివాను, నాకు ఐదేళ్ల అనుభవం ఉంది" అని రాస్తే, మిగతా ముప్పై మందీ అదే రాశారు. చాట్‌జీపీటీతో రాయించి అతికించినవైతే ఇంకా అన్యాయం, పేరు తీసేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. అప్‌వర్క్ అనే సైటులో బిడ్ వేయడానికి కనెక్ట్‌లనే టోకెన్లు కొనాలి, ఒక్కో కనెక్ట్ 15 సెంట్లు, ఒక్క బిడ్‌కే చాలా కనెక్ట్‌లు పోతాయి. డబ్బు పెట్టి మరీ అందరిలాంటి మాటే ఎందుకు పంపాలి?

ఒక పనిని దగ్గరగా చూద్దాం. 12,000 వరుసల కస్టమర్ల జాబితా, సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు). డూప్లికేట్లు తీసేయాలి, ఫోన్ నంబర్లన్నీ ఒకే తీరులో ఉండాలి. నమూనాగా 200 వరుసలు జతచేశారు. చాలామంది ఆ నమూనా తెరవకుండానే బిడ్ వేసేస్తారు. మీరు తెరవండి, కానీ డబుల్ క్లిక్ చేసి కాదు. అలా తెరిస్తే ఎక్సెల్ ఫోన్ నంబర్ల ముందున్న సున్నాలు ఎగరగొడుతుంది, 11 అంకెలు దాటిన నంబర్లను 1.23E+11 లాగా చూపిస్తుంది. 15 అంకెలు దాటితే ఆ తర్వాతి అంకెలు సున్నాలైపోతాయి, సేవ్ చేశారంటే తిరిగి రావు. డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తెచ్చి, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాకే లోడ్ చేయాలి.

డూప్లికేట్ల దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. రిమూవ్ డూప్లికేట్స్ నొక్కితే మొదటి వరుస ఉంచి మిగతావి తీసేస్తుంది. ఈమెయిల్ ఒకటే అయిన రెండు వరుసల్లో మొదటిదానికి ఫోన్ ఖాళీగా ఉండి, రెండోదానికి నంబర్ ఉంటే, ఈమెయిల్ కాలమ్ మీద నొక్కిన మరుక్షణం ఆ నంబర్ పోతుంది. పేరు చివర ఒక స్పేస్ మిగిలితే అదే మనిషి ఇద్దరవుతాడు. దానికి అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫార్ములా వాడతాం సరే, వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన డేటాలో ఉండే 160 కోడ్ స్పేస్‌ను (చూడ్డానికి మామూలు స్పేస్‌లాగే ఉండే వేరే అక్షరం) ట్రిమ్ ముట్టుకోదు. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో దాన్ని మామూలు స్పేస్‌గా మార్చి, ఆ తర్వాత ట్రిమ్ చేయాలి.

ఇదంతా చూశారు కనుక మొదటి రెండు లైన్లు ఇలా రాయగలరు: "మీ నమూనాలో 17వ, 43వ వరుసలు ఒకే ఈమెయిల్‌తో ఉన్నాయి, ఫోన్ మాత్రం ఒకదానికే ఉంది. అలాంటివి కలపాలా, కొత్తదే ఉంచాలా?" మీకు దొరికిన అసలు వరుస నంబర్లే వేయండి. ప్రశ్నకు జవాబివ్వడానికైనా ఆయన మీ బిడ్ తెరుస్తాడు. అనుభవం, పాత పనులు ఆ కిందికి వెళ్లనివ్వండి.

ఇక రేటు. నమూనాలో అనుమానాస్పద జతలు 10 కనిపిస్తే, 12,000కు 600 అనుకోండి. నిజానికి పూర్తి ఫైలులో ఇంకా ఎక్కువే తేలతాయి, అందుకే ఆ 600ను హద్దుగా బిడ్‌లోనే రాసిపెట్టండి. ఒక్కో జత చూసి తేల్చడానికి 30 సెకన్లు, అంటే 5 గంటలు. ఫైలు సిద్ధం చేయడానికి ఒకటి, ఫోన్ నంబర్లకు ఒకటి, క్లయింటు చెప్పే దిద్దుబాట్లకు ఒకటి. మొత్తం 8 గంటలు. గంటకు 12 డాలర్లు కావాలంటే చేతికి 96 రావాలి. సైటు కోసుకునే ఫీజు 10 శాతం అనుకుందాం. 96కు 10 శాతం కలిపితే 105.60 అవుతుంది, కోత పోను 95.04 మిగులుతుంది. కలపకూడదు, 0.9తో భాగించాలి: 107. ఇదే పనికి ఫ్రీలాన్సర్ డాట్ కామ్ అనే ఇంకో సైటులో 30 డాలర్లకు వేసేవాళ్లుంటారు. అక్కడ ఫిక్స్‌డ్ పనికి (మొత్తానికి ఒకే ధర మాట్లాడుకున్నదానికి) 10 శాతం, 5 డాలర్లు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఫీజు. చేతికొచ్చేది 25, గంటకు మూడు డాలర్ల చిల్లర. సగంలో వదిలేసి చెడ్డ రేటింగ్ తెచ్చుకునేది ఇలాంటి రేటుకు ఒప్పుకున్నవాళ్లే.

నమూనా పేరుతో 12,000 వరుసలూ ఉచితంగా చేసి చూపమనేవాళ్లు ఉంటారు. 20 వరుసలు చేసి పంపండి, చాలు. పని మొదలుపెట్టడానికి డిపాజిట్ కట్టమన్నా, టెలిగ్రామ్‌కు రమ్మన్నా అక్కడితో ఆపేయండి.

పని మీకిచ్చాక తొందరపడి యాక్సెప్ట్ నొక్కొద్దు. ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో ఒప్పుకున్న వెంటనే ఫీజు పడుతుంది, క్లయింటు డబ్బులిచ్చాడా లేదా అన్నదానితో సంబంధం లేదు. ముందు మైల్‌స్టోన్ పెట్టమని, అంటే పనికిచ్చే డబ్బును సైటు దగ్గర ముందే జమ చేయమని అడగండి. అప్‌వర్క్‌లో మైల్‌స్టోన్‌కు డబ్బు జమైందని చూసుకున్నాకే ఫైలు ముట్టుకోండి. పూర్తయ్యాక ఫైలును చాట్‌లో పంపి ఊరుకుంటే లెక్కలోకి రాదు. సబ్మిట్ బటన్ ద్వారా ఇస్తేనే 14 రోజుల గడువు మొదలవుతుంది, ఆలోగా క్లయింటు ఏమీ అనకపోతే డబ్బు దానంతటదే విడుదలవుతుంది.