కోడిపందెం నుంచి కారెంపూడి దాకా

ప్రశ్న: మీ తొలి నవలకు పల్నాటి యుద్ధాన్నే ఎందుకు తీసుకున్నారండీ? కంప్యూటర్‌లో యుద్ధాల ఆటలు తెగ ఆడతారని విన్నాను. రాయడానికి అవేమైనా పనికొస్తాయా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: విషాదాంత వీరగాథలంటే నాకు ప్రాణమండీ. పల్నాటి కథ అనగానే అందరికీ బాలచంద్రుడు గుర్తొస్తాడు. నన్ను వదలనిది మాత్రం అలరాజు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలస పోయారు. గడువు తీరాక వాళ్ల తరఫున రాయబారానికి వెళ్లినవాడు అలరాజు, అవతలి పక్షం నలగామరాజుకు స్వయానా అల్లుడు. అతన్ని విషం పెట్టి చంపారు. ఆ కబురు విన్న అతని భార్య, నలగాముడి కూతురు పేరమ్మ పుట్టింటి మనిషా, మెట్టినింటి మనిషా? నవల నాకు అక్కడే మొదలైంది.

ఇక ఆటలంటారా, 1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఇప్పటికీ ఆడతాను. అందులో ఒక్క పొలం వెయ్యాలంటే 60 కలప కావాలి. చెట్లు కొట్టేవాళ్లను శత్రువు గుర్రాలు తరిమేశాయా, పొలాలు ఆగుతాయి, తిండి ఆగుతుంది, కొత్త సైనికుడు రాడు. టెన్షనంతా అక్కడే! అది ఒంటబట్టాకే యుద్ధం జరిగిన కారెంపూడి అధ్యాయం రాశాను. నాగులేరు ఒడ్డున దిగిన గుర్రాలకు గడ్డి ఎవరు కోసుకొచ్చారు? బ్రహ్మనాయుడి చాపకూడు గురించి అందరం చదివాం, మరి ఆ బియ్యం ఎవరి గాదెలోవి? నా కథలో వాళ్లందరికీ పేర్లున్నాయి.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. వీలు చూసుకుని వెళ్లండి, పల్నాటి వీరగాథను పాడే వీరవిద్యావంతుల నోట ఆ కథ వినండి.