గోళీ ఎందుకు ఆగింది? బలం, చలనం పాఠాన్ని అక్కడ మొదలుపెట్టండి

మీ నాలుగో తరగతి పిల్లలు 'బలం అంటే తోయడం లేదా లాగడం' అని గడగడా అప్పజెబుతున్నారని, దొర్లే బంతి ఎందుకు ఆగిందని అడిగితే మాత్రం నోరు విప్పడం లేదని రాశారు. ప్రాథమిక తరగతులకు ఏళ్ల తరబడి సైన్సు చెబుతున్న అనుభవంతో చెబుతున్నాను: నిర్వచనాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆ ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టండి.

వాళ్ల మనసులో జవాబు ఉంటుంది, చెప్పడానికి జంకుతారు. ఆ జంకు పోయాక దాదాపు ప్రతి తరగతిలోనూ నేను విన్న మాట ఒకటే: 'నెట్టినప్పుడు బంతిలోకి వెళ్లిన బలం అయిపోయింది, అందుకే ఆగింది.' దాన్ని వెంటనే కొట్టిపారేయకండి. కదిలే వస్తువును ఏదో ఒకటి నెడుతూనే ఉండాలని అరిస్టాటిల్ అంతటివాడు భావించాడు. ఆ భావన దాదాపు 2000 ఏళ్లు నిలిచింది.

ఒక అట్టను పుస్తకాల మీద ఆనించి వాలుగా నిలపండి. గోళీ అట్ట దిగి దొర్లే చోట ఒకసారి తువ్వాలు, ఒకసారి ఉత్త నేల, ఒకసారి నున్నటి పలక ఉండాలి. గోళీని ప్రతిసారీ ఒకే ఎత్తు నుంచి, నెట్టకుండా కేవలం వదలాలి. తువ్వాలు ముడతలు పడితే ఫలితం చెడుతుంది, అంచులు బిగలాగి అంటించండి. వదిలే ముందు ఎక్కడ ఆగుతుందో పిల్లలనే సుద్దతో గీత గీయమనండి. ఈ ఊహించే పని దాటవేస్తే మిగిలేది వట్టి ఆట. ఆగిన చోటు కొలిచాక అడగండి: 'ఎత్తు ఒక్కటే, గోళీ ఒక్కటే. మరి తువ్వాలు మీద బలం అంత త్వరగా ఎందుకు అయిపోయింది?' కాసేపు గొడవ పడతారు, పడనివ్వండి. తువ్వాలు అడ్డుపడిందనే మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది. 'ఘర్షణ' అనే పేరు చెప్పాల్సిన సమయం అదే. నిజానికి దొర్లే గోళీ వేగం తగ్గడంలో గుడ్డ అణిగిపోవడానికీ పాత్ర ఉంది, కానీ ఈ వయసుకు 'అడ్డుపడే బలం' అంటే చాలు.

ఆ తర్వాత 'ఇంకా నున్నగా ఉంటే? అసలు అడ్డే లేకపోతే?' అని అడగండి. 'ఆగదు!' అని ఎవరో ఒకరు అరుస్తారు. సుమారు 400 ఏళ్ల క్రితం వాలు తలాల మీద గోళాలు దొర్లిస్తూ గెలీలియో చేరుకున్న ఆలోచన ఇదే. ఆ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి, వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

గాలి కూడా అడ్డుపడుతుందని చూపడానికి ఒక కాగితాన్ని మామూలుగానూ, ఉండచుట్టీ వదిలితే సరిపోతుంది. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద సుత్తిని, ఈకను ఒకేసారి వదిలాడు. రెండూ కలిసే నేలను తాకాయి. ఆ వీడియో దొరుకుతుంది, చూపించండి.

కదలని వస్తువు మీద బలం ఉండదని కూడా చాలామంది పిల్లలు నమ్ముతారు. తాడు లాగుడు పోటీలో రెండు జట్లూ సమానంగా లాగుతున్న క్షణంలో ఆపి, 'తాడు కదలడం లేదు కదా, మరి మీ చేతులు ఎందుకు నొప్పిపుడుతున్నాయి?' అంటే చాలు. సూత్రాలు, న్యూటన్ నియమాల వరుస సంఖ్యలు మాత్రం ఈ తరగతిలో వద్దు.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి, చేయి వదిలాక నేల మీద దొర్లుతున్న బంతి బొమ్మ వేసి బలాలను బాణాలతో చూపమనండి. చాలామంది ముందుకు ఒక బాణం గీస్తారు. మీరు దిద్దకండి. ప్రతి బాణం పక్కనా ఆ బలాన్ని ఏ వస్తువు కలిగిస్తోందో రాయాలని నియమం పెట్టండి. వెనక్కి గీసిన బాణం దగ్గర 'నేల' అని రాయగలుగుతారు. ముందుకు గీసినదాని దగ్గర రాయడానికి ఏ పేరూ దొరక్క, దాన్ని వాళ్లే చెరిపేస్తారు.