మడత ఫోన్‌లో అద్దం ఏమైంది?

ప్రశ్న: షోరూంలో మడత ఫోన్ చూశానండి, ఓ ఇరవై సార్లు మూసి తెరిచాను, సేల్స్ కుర్రాడికి ఒకటే కంగారు. అద్దం పగలకుండా ఎలా మడుస్తున్నారు? బొమ్మ అంత క్లియర్‌గా ఎలా వస్తోంది?
— ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు పేరు సంగతి. మడత ఫోన్ స్క్రీన్‌ని ఓఎల్ఈడీ (ఆర్గానిక్ లైట్ ఎమిటింగ్ డయోడ్) అంటారు. అందులో ఆర్గానిక్ అంటే సంతలో అమ్మే ఆర్గానిక్ టమాటా కాదు, కార్బన్ ఉన్న రసాయనాలు. కరెంటిస్తే వాటంతటవే వెలుగుతాయి. 1987లో అమెరికాలో కొడాక్ కంపెనీ వాళ్లు చింగ్ టాంగ్, వాన్ స్లైక్ పది వోల్టుల లోపే వెలిగించి చూపించారు. వెనకాల లైటు అక్కర్లేదు కాబట్టే స్క్రీన్ అంత పల్చన.

అసలు తమాషా ఏంటంటే ఈ మడిచే స్క్రీన్ తయారయ్యేది గాజు పలక మీదే. పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్‌ని ద్రవంలా పూసి బాగా కాల్చి గట్టిపరుస్తారు, దాని మీద బుల్లి స్విచ్‌ల్లాంటి ట్రాన్సిస్టర్లు, వాటి మీద వెలుగు పొరలు, అంతా అయ్యాక గాజు వైపు నుంచి లేజర్ కొడితే మొత్తం ఊడొస్తుంది, కుండ మీంచి పూతరేకు లేచినట్టే. కాకపోతే పూతరేకు మడవాలంటే కాస్త తడి తగలాలి, దీనికి తడి తగిలితే అంతే సంగతులు! ఆవిరి దూరిన చోటల్లా నల్ల మచ్చ. చదరపు మీటరు పొరలోంచి రోజుకి గ్రాములో పదిలక్షలో వంతు ఆవిరి మించకూడదంటారు, మామూలు ప్లాస్టిక్ వల్ల అయ్యే పని కాదు, అందుకే పైన ఒకటి గట్టిది, ఒకటి మెత్తది, మళ్లీ గట్టిది అని పొరలు కప్పుతారు. నన్నడిగితే మడవడం కంటే ఇదే పెద్ద తలనొప్పి.

మడతకొస్తే, అట్ట మడిస్తే చిట్లుతుంది, కాగితం చిట్లదు, అంతే లెక్క. పైన వాడే గాజు కూడా చాలా ఫోన్లలో 30 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పైగా మడిచినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది, మధ్యలో ఏమీ కాదు, సున్నితమైన పొరలు ఆ మధ్యకొచ్చేలా చూసుకుంటారు.

ఇక క్లారిటీ. అంగుళానికి 400 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) అంటే ఒక్కోటి దాదాపు వెంట్రుక మందం, అందులోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ముగ్గు అచ్చులాంటి చిల్లుల లోహపు రేకు అడ్డం పెట్టి వ్యాక్యూమ్‌లో రంగు రంగుకీ విడిగా ఆవిరి పట్టిస్తారు. రేకు కొంచెం వేడికి సాగినా, బరువుకి వంగినా ఎరుపు వెళ్లి ఆకుపచ్చ చోట పడుతుంది, అందుకే వేడికి పెద్దగా సాగని ఇన్వార్ అనే నికెల్-ఇనుము మిశ్రమం వాడతారు. చిల్లులు ఇంకా చిన్నవి చేద్దామంటే ఇక్కడే ఆగిపోతోంది బండి. కళ్లకి తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్లలో అంగుళానికి 3000 దాటించారుగా అంటారేమో, అవి గట్టి సిలికాన్ చిప్ మీద తెల్ల వెలుగు వేసి రంగు ఫిల్టర్లు పెట్టినవి, మడవలేం.

కొంటే మాత్రం పైన ఉన్న పల్చటి ఫిల్మ్ పీకకండి. 2019 ఏప్రిల్లో శాంసంగ్ వాళ్లు తమ మడత ఫోన్ గెలాక్సీ ఫోల్డ్ రివ్యూకిస్తే కొందరు స్క్రీన్ గార్డ్ అనుకుని అదే పీకేశారు, స్క్రీన్లు పోయాయి. ఇంకొన్ని పీకకుండానే పోయాయి లెండి, రిలీజ్ సెప్టెంబర్‌ దాకా వాయిదా పడింది.