పాటకి కుక్క ఆడదండీ, మీరే కుక్కకి ఆడాలి

అక్క పెళ్లి సంగీత్‌లో తన కుక్కతో కలిసి ఓ పాటకి డ్యాన్స్ చెయ్యాలని ఉందట, అది ఊరకుక్క కాబట్టి నేర్చుకుంటుందో లేదో అని అడిగారు ప్రశ్న వేసినవారు. నేర్చుకుంటుంది. ఊరకుక్క గొడవ అక్కడితో వదిలెయ్యండి. అసలు చెప్పాల్సింది ఆ సంగీత్ గురించి, అది ఆఖర్న చెప్తాను.

మాది కోనసీమ. గన్నవరం అక్విడెక్టు దాటి రాజోలు వైపు వెళ్తుంటే తగిలే ఊరు. మా కుక్క గవ్వ కాలవ గట్టు మీద పుట్టింది, ఏ జాతో దాని తల్లికే తెలియాలి. ఇప్పుడు నా చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, కాళ్ల మధ్య నుంచి దూరి ఎనిమిది అంకె చుడుతుంది, నేను ముందుకి అడుగేస్తే వెనక్కి నడుస్తుంది. భీమవరంలో మా బంధువు ఒకాయన వేలకి వేలు పోసి హస్కీని తెచ్చుకున్నాడు. మంచులో బళ్లు లాగే జాతి. రోహిణి కార్తెలో ఏసీ గది గడప దాటదు, కరెంటు పోతే ఇల్లంతా దానికి విసనకర్రలు పట్టుకుని కూర్చుంటారు. జాతి కుక్కకే బుద్ధి ఉంటుందని మనవాళ్లకి ఎవరు చెప్పారో గానీ, 2012లో బ్రిటన్ టీవీ టాలెంట్ పోటీలో తన యజమానురాలితో డ్యాన్స్ చేసి గెలిచిన పడ్సీ కూడా కలగాపులగం జాతే.

ఇక పాట సంగతి. కుక్కకి తాళం తెలియదు. ఇది నా మాటే కాదు. 2009లో స్నోబాల్ అనే కాకటూ చిలక పాట వేగం మార్చినా దానికి తగ్గట్టు తల ఊపుతోందని శాస్త్రవేత్తలు తేల్చారు. అదే ఏడాది ఇంకో బృందం యూట్యూబ్‌లో జంతువుల డ్యాన్స్ వీడియోలెన్నో జల్లెడ పట్టింది. తాళానికి నిజంగా ఆడినవి చిలకల జాతులూ, ఏనుగూ. కుక్క ఒక్కటీ తేలలేదు. బ్రిటన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షోలో 2005 నుంచి సంగీతానికి కుక్కని నడిపించే పోటీలు పెడుతున్నారు కదా అంటారేమో. అక్కడ కూడా కుక్క నడకకి సరిపోయే పాట వెతుక్కునేది మనిషే.

ఇది నాకు కళ్లారా తెలిసింది ఓ భోగి పొద్దున్న. మంట ఆరిపోయి జనం బద్ధకంగా అరుగుల మీద కూర్చున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుళ్లు కోడిపందేల బరి ఎక్కడో ఆరా తీస్తున్నారు. ఇంతలో గంగిరెద్దులాయన వచ్చాడు. సన్నాయి ఆయనది, డోలు వాళ్లబ్బాయిది. ఎద్దుని చూస్తే మంచం కిందికి దూరే గవ్వ ఆరోజు నా పక్కనే నిలబడింది. నాకు చేతులూ కాళ్లూ ఊరుకోవు, రోజూ సాధన చేసే అడుగు వేశాను, ఎడమ కాలు కుడికాలి మీదుగా. గవ్వ ఓ చుట్టు తిరిగింది. మళ్లీ వేశాను, మళ్లీ తిరిగింది. డోలు దెబ్బ దాని పరుగు నడకకి ఎలా కుదిరిందో గానీ కుదిరింది. అంతే, వీధి వీధంతా ఒకటే కేక: "సన్నాయికి ఆడుతోందిరోయ్!" ఫోన్లు లేచాయి. మా చిన్నత్త అయితే, ఇది కిందటి జన్మలో కూచిపూడి భాగవతుల ఇంట్లో పుట్టుంటుందని తేల్చేసింది.

ఆయన సన్నాయి దించి మూతి తుడుచుకున్నాడు, అబ్బాయి డోలు ఆపాడు. నా కాలు మాత్రం ఆగలేదు, కాబట్టి గవ్వా ఆగలేదు. చప్పుడే లేని చోట కుక్క ఆడుతుంటే అంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు! గంగిరెద్దులాయన మాత్రం కుక్కని వదిలేసి నా పాదాల వంక చూసి నవ్వాడు. బియ్యం పోసి, పాత పంచె ఎద్దు మీద కప్పుతుంటే గొంతు తగ్గించి అన్నాడు: "ఆయ్, మా బసవన్నా అంతేనండి. డోలు ఇంటాడనుకుంటారు జనం. ఆడు నా భుజం చూత్తాడు."

ఆ వీడియో ఇప్పటికీ మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, 'సంగీతం తెలిసిన శునకం' అని. నేను సర్దిచెప్పడం మానేశాను.

ఆయన చెప్పిన ఆ ఒక్క ముక్కలోనే శిక్షణంతా ఉంది. కుక్క మన మాట కన్నా మన ఒంటిని ఎక్కువ చూస్తుంది. నోటితో "తిరుగు" అంటూ చేత్తో ఇంకేదో చేస్తే చేతినే నమ్ముతుంది. అందుకని మొదట నోరు కట్టేసుకోండి. ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడి ముక్క, చిటికెన వేలి గోరంత, దాని ముక్కు దగ్గర పెట్టి చెయ్యి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. చుట్టు పూర్తయిన క్షణంలోనే బాల్‌పెన్ను టిక్కుమనిపించి ముక్క ఇవ్వండి. టిక్కుమంటే ముక్క వస్తుందని దానికి తెలిశాక ఖాళీ చేత్తో అదే తిప్పు తిప్పండి, తర్వాత చెయ్యి తగ్గించి అడుగు పెంచుకుంటూ రండి. చివరికి అడుగే మిగలాలి. చూసేవాళ్లకి అది మీ డ్యాన్స్, కుక్కకి అది ఆజ్ఞ. వెనక్కి నడిపించాలంటే గోడకీ మంచానికీ మధ్య ఇరుకులో నిలబెట్టి మీరు దాని మీదికి నెమ్మదిగా నడవండి, తిరగడానికి చోటు లేక వెనక్కే వెళ్తుంది. ప్రసాదంలో జీడిపప్పు ఏరి ఎండుద్రాక్ష దానికి పడేసే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు, ఆపండి. ద్రాక్ష, చాక్లెట్ కుక్కకి విషం. కాళ్ల మధ్య దూరే విద్య లుంగీ కట్టుకుని నేర్పకండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

పాట ఆఖర్న. కుక్క హాయిగా పరుగు నడక నడుస్తున్నప్పుడు దాని ముందు కుడికాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు నేలకి తగిలిందో లెక్కపెట్టి 4తో గుణించండి. ఆ వేగంలోనో, అందులో సగం వేగంలోనో ఉన్న పాట వెతకండి. మీకిష్టమైన పాట దాని నడకకి కుదరకపోతే పాటనే మార్చుకోవాలి. మన దగ్గర ఉక్కపోత తెలిసిందే కదా, కుక్కకి చెమట పట్టేది అరికాళ్లలో మాత్రమే, మిగతా వేడి చాలావరకు నాలుక చాపి రొప్పుతూ పోగొట్టుకోవాలి. తెల్లవారుజామున అయిదేసి నిమిషాలు చాలు, సిమెంటు రోడ్డు కాలకముందే.

వెనక కాళ్ల మీద నిలబెట్టి గౌను తొడిగి నడిపించే రీల్స్ చూసి అదే కావాలంటారు కొందరు. నాకు వాటిని చూస్తే ఒళ్లు మండుతుంది. బరువంతా తుంటి మీదా వెన్ను మీదా పడుతుంది. ఏడాది నిండని పిల్లకి ఎముకల చివర్లు ఇంకా ముదరవు. నాలుగు కాళ్ల మీద చేయించగలిగేవి కావలసినన్ని ఉన్నాయి.

మీ సంగీత్‌కి వస్తే, డీజే పెట్టే చోటికి కుక్కని తీసుకురాకండి. మనకి వినపడని సన్నటి శబ్దాలు కూడా దానికి వినపడతాయి. ఆ బాక్సుల ముందు నిలబడితే నాకే గుండెలదురుతాయి, పక్కింట్లో ముసలాళ్లుంటారన్న జ్ఞానం కూడా ఉండదు ఆ డీజేవాళ్లకి. ముందురోజు సాయంత్రం, పెళ్లికూతుర్ని చేసే గొడవ ముగిశాక, మీ పెరట్లోనే ఓ పదిమంది ముందు ఫోన్‌లో తక్కువ గొంతుతో పాట పెట్టి చేసెయ్యండి. వీడియో తీసి సంగీత్‌లో తెర మీద వేయిస్తే మీ అక్క ముచ్చటా తీరుతుంది. సంగీత్ జరిగే పూట కుక్కకి డాబా మీద గదిలో ఓ ఫ్యాను, నీళ్ల గిన్నె, దానికి అలవాటైన మనిషొకరు కావాలి. ఆ మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, ఆ హడావిడిలో ఎవరూ దొరకరు.