అణువుల మధ్య ఉండేది సందా, ఎడమా?

సందేహం: మా అమ్మాయి సైన్సు పరీక్షలో 'అణువుల మధ్య సందు ఘనపదార్థంలో తక్కువ, ద్రవంలో కొంచెం ఎక్కువ, వాయువులో చాలా ఎక్కువ' అని రాసింది. టీచరు 'సందు' కొట్టేసి 'దూరం' అని దిద్దారు. సందు అనడం తప్పా?

సమాధానం: మాట తప్పు కాదండీ, అన్ని చోట్లా నప్పదు, అంతే. సందు ఎప్పుడూ ఇరుకే. పళ్ల సందు, తలుపు సందు, రెండిళ్ల మధ్య సందు. ఇది సంస్కృత 'సంధి'కి వికృతి. రెండూ దాదాపు కలిసిన చోటే సందు. పటికబెల్లం పలుకులోని అణువులకు ఆ మాట బాగానే సరిపోతుంది. ఆవిరికి కుదరదు. మరిగిన నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి, అంటే అణువుకూ అణువుకూ మధ్య దూరం సుమారు 12 రెట్లవుతుంది. దాన్ని సందు అంటే, ఊరికీ ఊరికీ మధ్యనున్న పొలాల్ని సందు అన్నట్టే!

'దూరం' కొలతకు సరైన మాటే. నా ఓటు మాత్రం 'ఎడం'కి. 'నారు కాస్త ఎడంగా నాటండి' అంటాం కదా, ఇరుక్కీ విశాలానికీ రెండింటికీ పనికొస్తుంది. ఎడబాటు దీని చుట్టమే. ఎడమ చెయ్యి అనుకుంటారేమోనని బెంగ అక్కర్లేదు.

'ఖాళీ' కూడా రాయొచ్చు గానీ, ఒక చిక్కుంది. ఖాళీ గ్లాసులో గాలి ఉంటుందని నేర్పాం కాబట్టి, అణువుల మధ్య ఖాళీలోనూ గాలి ఉంటుందని రాసే పిల్లలున్నారు. గాలి అంటేనే అణువులు. వాటి మధ్య మళ్లీ గాలి ఎక్కడిది?

టీచరు వదిలేసిన మాట ఇంకొకటుంది: 'ద్రవంలో కొంచెం ఎక్కువ'. చాలా పదార్థాలకు ఇది నిజం. కరిగిన నెయ్యిలో పేరుకున్న నెయ్యి ముక్క వేస్తే అడుక్కి పోతుంది. నీళ్లలో ఐసుముక్క తేలుతుంది. ఎందుకంటే గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, అణువులు నీటిలోకన్నా ఐసులోనే ఎడంగా సర్దుకుంటాయి. అమ్మాయి చేత 'వాయువులో అణువులు బాగా ఎడంగా ఉంటాయి' అని రాయించండి. ద్రవం వాక్యానికి ముందు 'సాధారణంగా' అని చేర్పించండి.